అడవి పందుల తరఫు వకీలు

ఆ రోజుల్లో నాకు రెండే వచ్చు: డిగ్రీలో బట్టీపట్టిన పాఠం అప్పజెప్పడం, ఎదుటివాళ్ళ మాటకు అడ్డం తగలడం. (రెండోదానికి కాలేజీ అవసరం పడలేదు, ఇంట్లోనే అబ్బింది.) ఆ రెంటినీ నమ్మి ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు నాకు ఉద్యోగమిచ్చారు. నర్సంపేట దాటాక అడవి అంచు పల్లెల్లో ఆడవాళ్ళకు రక్తపరీక్షలు చేయించాలి, జ్వరాలకు మాత్రలిప్పించాలి, అదే నోటితో అడవి జంతువులను చంపొద్దని చెప్పాలి. మనిషి ఆరోగ్యం, పంట, అడవి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని చెప్పే రంగుల చార్టు ఒకటి నా చంకలో ఉండేది. ఆ ముడి ఎక్కడుందో మాత్రం చార్టు గీసినాయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మొదటి మీటింగులోనే ఒక పెద్దమ్మ లేచింది. అడవిని ఆనుకుని ఎకరం మక్కజొన్న చేను ఆమెది. పందులు పడుతున్నాయని చేను చుట్టూ కరెంటు పెట్టడానికి తీగచుట్ట కొని ఇంట్లో సిద్ధంగా ఉంచుకుందని అప్పటికే విన్నాను. "తీగ తప్పు పెద్దమ్మా, పందే కాదు, మనిషి గూడ చస్తడు" అన్నాను.

"మా ఇంటాయన రెండు నెలల సంది మంచె మీదనే పంటాండు. దోమలు పీక్క తింటానయ్. నువ్వేమో గోలీలిచ్చి మళ్ల మంచెక్కిస్తానవ్. తీగ పెడితె మనిషి ఇంట్ల పంటడు, జరం తక్కువైతది. నువ్వు మా పానం సూడనీకి వచ్చినవా, పందుల తరఫు వకీలువా?"

అందరూ గొల్లున నవ్వారు. నలుగురూ నవ్విన చోట నాకు పంతం వస్తుంది. "పదిహేను రోజులు తీగ పెట్టకు. పంది రాకుండ నేను జూస్తా" అన్నాను.

"సూస్తా అని వరంగల్ల కూసుంటె నడ్వది బిడ్డా. మంచెక్కాలె" అంది.

గట్ల వెంట మనిషి వెంట్రుకలు చల్లితే పంది దరికి రాదని రైతులే చెప్పగా విన్నాను. వరంగల్ మట్టెవాడలో కటింగ్ షాపులన్నీ తిరిగి రెండు బస్తాలు పోగుచేశాను. (ఒకాయన నా జడ వైపు జాలిగా చూసి, "సవరానికైతె గిన్ని ఎందుకక్కా?" అన్నాడు.) నర్సంపేట బస్సులో ఒక బస్తా మూతి ఊడింది. కిటికీ గాలికి మట్టెవాడ మగాళ్ళ జుట్టంతా లేచి ప్రయాణికుల నెత్తిన వాలింది. కండక్టరు బస్సు ఆపించి, "బస్తాలు దిగాలె మేడం, మీరు దిగుడు మీ ఇష్టం" అన్నాడు. బస్తాలతో పాటు నేనూ దిగాను.

ఎలాగో చేరి, వెంట్రుకలు చల్లి, పెద్దమ్మతో మంచెక్కాను. నాలుగు రోజులు పంది జాడ లేదు. ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకున్నాను. ఐదో రోజు వాన కొట్టింది. వెంట్రుకలు బురదలో కలిశాయి, తెల్లారేసరికి రెండు సాళ్ళ మక్క నేలపాలు. (కాపలా వంతు నాది. నిద్రపోయాను.) మరో వారానికి నాకు చలిజ్వరం పట్టుకుని వరంగల్ దవాఖానలో పడ్డాను.

పదహారో రోజున పెద్దమ్మ మక్క రవ్వతో వండిన గట్క డబ్బాతో వచ్చింది. గడువు దాటిపోయిందన్న భయంతో పలకరింపు కూడా మరిచి, "తీగ పెట్టినవా?" అన్నాను.

"పెట్టలే. చుట్ట దుకాణంల వాపసిచ్చిన."

జ్వరంలోనూ లేచి కూర్చున్నాను. "అయితె నా మాట నచ్చింది!"

"నీ మాట ఎవలిన్నరు బిడ్డా? నీకు గట్టేదో తోవేదో తెల్వది. నాలుగు దినాలల్ల మూడుసార్లు చేన్ల పడ్డవ్. తీగ పెడితె పంది కన్న ముందు నువ్వే తగుల్తవని బుగులైంది. ఇయ్యాల నువ్వు, రేపు ఇంకెవలి పిల్లనో. తిను, సల్లారుతాంది."

జ్వరం తగ్గాక ఆఫీసులో సారుతో పోట్లాడాను: జ్వరాల కాగితాలు ఒక బీరువాలో, పందుల కాగితాలు ఇంకో బీరువాలో పెడితే ముడి ఎట్లా కనబడుతుందని. మంచెలకు దోమతెరలు సాధించాను. పక్కపక్క చేన్లవాళ్ళు నలుగురు కలిసి వంతులవారీ కాపలా కాశారు. పెద్దమ్మ ఇంటాయన నాలుగు రాత్రుల్లో మూడు ఇంట్లోనే పడుకున్నాడు. వంతుల ఉపాయం పెద్దమ్మదే.

ఆ నెల రిపోర్టులో మాత్రం "చర్చల ద్వారా రైతును ఒప్పించడమైనది" అని రాశాను. అది అబద్ధమని రాసేటప్పుడే నాకు తెలుసు. ఇప్పుడు యాభై దాటాను. వాదనలో ఓడిపోయానని కాగితం మీద రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది, అదీ బ్రాకెట్లలో కొంత దాచుకుంటూ.