ఈగలకు ఏసీ గది

మా బావను చుట్టాలంతా ఈగల బావ అంటారు. ఎదురుగా అనరు గానీ ఆయనకు తెలుసు. తెలిసినా నొచ్చుకోడు. నొచ్చుకునేది నేను. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి దాన్ని వాడే హక్కు నాకొక్కదానికే ఉందని నా అభిప్రాయం.

అక్కకు ఈ సంబంధం తెచ్చింది పెద్దమ్మ. "కుర్రాడు పరిశోధనశాలలో పని చేస్తాడు. చేతికింద వేలమంది. వాళ్ళ తిండీతిప్పలు, పురుళ్ళు, జోడీలు కుదర్చడం అన్నీ ఈయనే చూడాలి" అంది. నాన్న మురిసిపోయాడు. అటువైపు వాళ్ళతో "పిల్ల తండ్రికి మందుల వ్యాపారం" అంది. వాళ్ళు మందుల షాపు అనుకున్నారు. పెళ్ళయ్యాక తెలిసింది, బావ చేతికింద ఉన్న వేలమందీ అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలని. నాన్న ఇంటింటికీ వెళ్ళి చీమలకూ, బొద్దింకలకూ, ఈగలకూ మందు కొడతాడని వాళ్ళకూ తెలిసింది. పెద్దమ్మ మాత్రం ఒక్క అబద్ధం ఆడలేదు. దొందూ దొందే అనుకుని రెండువైపులా నోరు మూసుకున్నారు.

కొత్తవాళ్ళు కనబడితే నాన్న "నలభై ఏళ్ళుగా మందు కొడుతున్నానండీ, ఒక్కరోజు నాగా లేదు" అని గర్వంగా చెప్పుకుంటాడు. వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఇంటి ముందుగదే మా దుకాణం. ఫోన్లు ఎత్తేది నేను. బోర్డు మీద "ఒక్క ఈగ కనబడినా మళ్ళీ వచ్చి కొడతాం" అని ఉంటుంది. ఎవరిని కొడతారో రాయలేదు.

బావ పొద్దున్నే వెళ్ళి మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు కలిపి ఉడికించి, వేలెడంత గాజు గొట్టాల్లో పోస్తాడు. ఈగలకు భోజనం, పడక, పురిటిగది అన్నీ అదే. పాతబడిన గొట్టంలో ఈగలను కొత్తదాంట్లోకి దులిపి మూతికి దూది కుక్కుతాడు. ఇంట్లో ఒక్కనాడూ స్టవ్ వెలిగించిన మనిషి కాదు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మా ఆయన దగ్గర సామెత కూడా తిరగబడింది" అంటుంది అక్క. మీ బావ ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, ఈగలు తోలుకుంటున్నాడని నిజం చెప్పినా పని లేనివాడనే అనుకుంటారు.

అమ్మ పోయాక అక్కా బావా మా పై అంతస్తులోకి వచ్చారు. అప్పటినుంచి భోజనాల దగ్గర కొత్త తంటా. ఈగ వాలడమే ఆలస్యం, నాన్న అరచెయ్యి టపీమని పడేది. బావ ముద్ద గొంతులో ఆగేది. వంగి చచ్చిన ఈగ మొహం చూసి, "మావైతే కళ్ళు తెల్లగా ఉంటాయి. ఇది ఎర్రకళ్ళది, బయటది" అని ఊపిరి పీల్చుకునేవాడు. నాన్నకు ఒళ్ళు మండేది. కోపం వస్తే ఆయనకు మర్యాద పెరుగుతుంది. "మీరు భోంచెయ్యండి అల్లుడుగారూ" అనేవాడు.

ఈ ఎండాకాలం పరిశోధనశాలలో ఈగల గదిని చల్లబరిచే యంత్రం చెడింది. బాగుచెయ్యడానికి సామాను రావాలన్నారు. ఒక రకం ఈగలు మాత్రం ప్రపంచంలో ఆ గదిలో తప్ప ఎక్కడా లేవు. వాటిని రెండు పెట్టెల్లో సర్ది, ఒకటి ఆ పరిశోధన నడిపే పెద్ద మేడం ఇంటికి, ఒకటి మా ఇంటికి పంపారు. మేడం గారి పెట్టెకు మర్నాడే చీమలు పట్టి మొత్తం తినేశాయి. ఇక మా పెట్టె కూడా పోతే మేడం పరిశోధన పోతుంది, ఈగల గది మూసేస్తారు, బావ ఉద్యోగం ఊడుతుంది. మా ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క నాన్న గదిలోనే.

"నా గదిలో ఈగలా?" అన్నాడు నాన్న. "అసలేమిటండీ వాటి గొప్ప?"

బావ మెట్ల వైపు చూపించాడు. "ఆ మెట్ల లైటుకి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉన్నాయి కదా మామయ్యా. ఈగ పిల్లపురుగు ఒంటి మీద సన్నటి నూగు మొలిపించే జన్యువు ఆ లైటు లాంటిది. దానికీ రెండు స్విచ్‌లు. ఒకటి దగ్గర్లో ఉంటుంది. రెండోది ఎక్కడో దూరంగా, సంబంధం లేనిచోట."

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నారు అల్లుడుగారూ."

"సరిగ్గా అదే మామయ్యా!" బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "జన్యువులుండే దారం వంగి, మోకాలొచ్చి గుండుని తాకుతుంది. అప్పుడే లైటు వెలుగుతుంది."

నాన్న చెయ్యి తన బట్టతల మీదికి దానంతటదే వెళ్ళింది.

"వీటిలో ఆ రెండో స్విచ్ తీసేశారు" అన్నాడు బావ.

"తీసేస్తే?"

"ఏమీ కాదు. పిల్లలు శుభ్రంగా పుడతాయి. అందుకే అది ఉన్నా లేనట్టే అనుకున్నారు. ఎండ ముదిరితే బయటపడుతుంది. మిగిలిన ఒక్క స్విచ్చీ సరిపోదు. నూగు రాదు, ఒళ్ళు బోడిగా ఉంటుంది. ఇంకా వేడెక్కితే అసలు సంతానమే ఉండదు."

నాన్న తన గది వైపు చూశాడు. "రెండోది లేదని దానికి తెలుస్తుందా?" అన్నాడు చివరికి.

"తెలీదు మామయ్యా. చల్లగా ఉన్నన్నాళ్ళూ తెలీదు."

ఆ ఏసీ అమ్మ కోసం కొన్నది. జబ్బుతో ఉక్కపోత తట్టుకోలేకపోయేది. ఆమె పోయాక వచ్చినవాళ్ళంతా, పెద్దాయన గట్టివాడు, ఏ తేడా లేదు అనే చెప్పి వెళ్ళారు. మేమూ నమ్మాం. నాన్న తన దిండు తెచ్చి హాల్లో పడేశాడు. "నా గదిలో పెట్టు అల్లుడూ" అన్నాడు.

కానీ ఆ గోడలకు ఆయన వారం వారం కొట్టిన మందు ఉంది. బకెట్టూ సబ్బూ తెచ్చుకుని ఆయనే కడగడం మొదలుపెట్టాడు. "నా మందు మంచిదైతే అవి చస్తాయి. నా కడుగుడు మంచిదైతే అవి బతుకుతాయి. ఏది గెలిచినా ఓడేది నేనే" అని గొణుక్కుంటూ తోమాడు. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాడు. మంచం మీద ఈగల పెట్టె, దాని మీద అమ్మ దుప్పటి.

ఓ మధ్యాహ్నం వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. అక్కా బావా పనులకు వెళ్ళారు. గది చూస్తూ ఉండగానే పొయ్యిలా తయారైంది. నేను పెట్టె మీద తడి తువ్వాళ్ళు కప్పాను. నాన్న వట్టి బనీనుతో కూర్చుని విసనకర్ర అందుకున్నాడు. ఒక చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకుంటూ ఆపకుండా విసిరాడు. తనకు ఒక్క విసురు విసురుకోలేదు.

అప్పుడే ఒక హోటల్ ఓనరు వచ్చాడు. వాళ్ళ వంటగదికి మొన్ననే మందు కొట్టాం. మళ్ళీ ఈగలొచ్చాయని దెబ్బలాడ్డానికి వచ్చి, నేను వద్దంటున్నా వినకుండా తిన్నగా గదిలోకి నడిచాడు.

"బాగుందండీ! అక్కడ నా కొంప మునుగుతుంటే ఇక్కడ ఈగలు తోలుకుంటున్నారా?"

"తోలడం లేదు. విసురుతున్నాను" అన్నాడు నాన్న.

హోటలాయన వంగి చూశాడు. గొట్టాల నిండా ఈగలు. "అదీ సంగతి! మీరే పెంచి, మీరే మా మీదికి వదిలి, మీరే మందు కొడతారన్నమాట! ఊరంతా చెప్తాను చూడండి."

నలభై ఏళ్ళ పేరు. నేను గట్టిగా నాలుగు దులుపుదామని నోరు తెరిచేలోపు నాన్న అన్నాడు: "చెప్పుకోండి. ముందు కాస్త పక్కకి జరగండి, వాటికి గాలి ఆడటం లేదు."

హోటలాయన అన్నంతా చేశాడు. రెండు వీధుల వాళ్ళు మమ్మల్ని పిలవడం మానేశారు.

సాయంత్రం కరెంటు వచ్చింది. దాని వెనకే బావ చెమటలు కక్కుతూ వచ్చి, భూతద్దం పెట్టి ఒక్కో గొట్టమూ చూశాడు. నాన్న పక్కనే నిలబడి, ఫలితాల కోసం వచ్చిన పిల్లాడిలా నలిగిపోయాడు.

"బోడివా?"

"అక్కడక్కడ కాస్త పలచబడింది మామయ్యా. కానీ బతికే ఉన్నాయి. అన్నీ బతికే ఉన్నాయి."

"పలచన పరవాలేదు" అన్నాడు నాన్న గుండు తడుముకుంటూ. "పలచనతో బతకొచ్చు."

యంత్రం బాగయ్యాక ఈగలు తిరిగి వాటి గదికి వెళ్ళాయి. బావ ఉద్యోగం నిలిచింది. నాన్న తన గదికి వెళ్ళాడు గానీ, కోళ్ళ కింద గిన్నెలు తియ్యనివ్వలేదు, గోడలకు మందు కొట్టలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

మొన్న పొద్దున కాఫీ కప్పు అంచు మీద ఒక ఈగ వాలింది. నాన్న అరచెయ్యి అలవాటు కొద్దీ లేచింది. లేచి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమే, ఇలా రా. నాకు సరిగ్గా ఆనడం లేదు. దాని కళ్ళు చూడు. మనదా, బయటదా?"

వంగి చూశాను. ఎర్రటి కళ్ళు.

"మనదే నాన్నా" అన్నాను.

ఆయన చెయ్యి దించి, కప్పు దానివైపు కాస్త జరిపాడు.