గోదాములో గీయని బరకాలు

పోయిన వారం నంద్యాలలో ఒక కోళ్ల షెడ్డుకు గాలి లెక్కలు వేస్తుంటే, కొత్త సాఫ్ట్‌వేర్ తెరమీద ఒక హెచ్చరిక పెట్టింది. షెడ్డు మధ్యలో కట్టిన గుడ్డ తెరకు మీరు ఏ షరతూ ఇవ్వలేదు, గాలి దాన్ని దాటిపోతుందనుకోవాలా, అక్కడే ఆగుతుందనుకోవాలా అని. ఆ ప్రశ్న చూసి నేను లేచి బయటికి వెళ్లిపోయాను. ఆ మధ్యాహ్నం మళ్లీ పని చేయలేకపోయాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒక్క లెక్క తేలడానికి ఒక పూట పట్టే లావుపాటి కంప్యూటర్ల కాలం. అప్పుడు మా పెదనాయన కొడుకు నంద్యాలలో చిన్న ఆఫీసు పెట్టి, గాలి, నీళ్లు ఎట్లా పారతాయో ముందే బొమ్మగా చూపించే పని మొదలుపెట్టాడు. నేను ఆ అన్న కింద పనికి చేరాను. ఆ సాఫ్ట్‌వేర్ గది చుట్టూ ఉన్న గోడల గురించి, గాలి వచ్చే దారి, పోయే దారి గురించి అన్నీ అడిగేది కానీ, లోపల ఏముందో మనమే చెప్పాలి. చెప్పకపోతే అక్కడ ఏమీ లేనట్టే గాలిని పంపించేది.

మా మొదటి పెద్ద పని ఆళ్లగడ్డలో చిన్నాయన వరి విత్తనాల గోదాము. మా నాయన పోయాక నన్ను పెంచిందీ, బడికి పంపిందీ ఆ చిన్నాయనే. దొర్నిపాడు రైతులు ఏటా ఆయన మాటమీద విత్తనం తీసుకునేవాళ్లు. ఆ ఏడు వానల్లో వచ్చిన విత్తనానికి చెమ్మ ఎక్కువగా ఉందని, గోదాముకు ఫ్యాన్లు ఎక్కడ పెట్టాలో చెప్పమని మమ్మల్ని అడిగాడు. అన్న ఖాళీ గోదామును కొలిపించి ప్లాను గీయించాడు. కానీ మూటలు వచ్చాక ఒక రకం గింజ ఇంకో రకంలో కలవకుండా వరుసకూ వరుసకూ మధ్య పైనుంచి కిందిదాకా గాలి చొరని మందపాటి గుడ్డ బరకాలు తెరల్లా కట్టడం ఆ ఇంటి పద్ధతి. చిన్నప్పుడు ఆ తాళ్లు లాగి ముడి వేసినవాణ్ని కాబట్టి నాకు తెలుసు. బరకాలను గోడలుగా పెట్టి నేను లెక్క వేస్తే మూడో వరుస వెనక గాలి కదలనే లేదు.

అన్న ఆ బొమ్మ చూసి, ఆఫీసులో అందరూ వింటుండగా నవ్వాడు.

"గోడలు యాడుండాయో ఆడ పెట్టప్పా, చాలు. గుడ్డలకు గూడా లెక్కలేందీ? రేపు చిన్నాయన ఆరేసిన పంచె గూడా గీస్తావేమో!"

నవ్వినవాళ్లు ఎవరెవరో ఈ రోజుకీ వరుసగా చెప్పగలను. ఆయన నా గీతలు చెరిపేసి, గాలి మూలమూలకూ పోతున్నట్టు అందమైన బొమ్మ తీయించి ఆళ్లగడ్డకు పట్టుకుపోయాడు. వెంట నేనూ ఉన్నాను. చిన్నాయన కళ్లద్దాలు సరిచేసుకుని బొమ్మను చాలాసేపు చూశాడు.

"గాలి ఆ కడాకు గూడా పోతాదా?"

"పోతాది చిన్నాయనా, కంప్యూటరే చెప్తాంది గదా," అన్నాడు అన్న.

ఆయన నా వైపు తిరిగి, "నువ్వేమంటావురా?" అన్నాడు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. నా చెవుల్లో మాత్రం ఆ నవ్వులే మోగుతున్నాయి. ఫ్యాన్లు అట్లాగే పెట్టించనీ, అన్నకే తెలిసొస్తుంది అనుకున్నాను. "అన్న చెప్పిందే," అన్నాను.

ఆ బొమ్మ ప్రకారమే ఫ్యాన్లు బిగించారు. విత్తే కాలం దగ్గరపడ్డాక చిన్నాయన ఎప్పటిలాగే ప్రతి వరుసనుంచీ వంద గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి మొలక చూశాడు. వెనక వరుసల గుడ్డలు విప్పితే పుల్లటి వాసన తప్ప ఏమీ లేదు. మూటలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. దొర్నిపాడు నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన రైతులను ఆయన గేటు దగ్గరే నిలబడి, ఒక్కొక్కరికీ దండం పెట్టి వెనక్కి పంపాడు. అదంతా అయ్యాక నన్ను పిలిచాడు.

"నువ్వీ ఇంట్లో పెరిగినోడివి. బరకాలు కడ్తామని నీకు దెల్దా?"

"అన్నకు చెప్పినా చిన్నాయనా. నవ్వినాడు."

"నాకెందుకు చెప్పలే?"

ఆ మాట అడిగి ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన విత్తనాల వ్యాపారం చేయలేదు. పోయేదాకా నాతో తిన్నావా, పొయ్యొస్తావా అన్న మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. అన్న ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే తప్పు ఫ్యాన్లదే అంటాడు. ఆయన్ని నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ చిన్నాయన అడిగింది ఆయన్ని కాదు, నన్ను.

ఇప్పుడు రైతులు అంగట్లో సీలు వేసిన సంచులు కొనుక్కుంటారు, ఆ విత్తనం ఎవరి చేతిమీదుగా వచ్చిందో వాళ్లకు తెలియదు. మాకు పని ఇచ్చేవాళ్లు ఫోనులో ప్లాను పంపి సాయంత్రానికి బొమ్మ కావాలంటారు, వాళ్ల ముఖం కూడా మేము చూడం. గోదాము పడగొట్టిన చోట దుకాణాలు లేచాయి. ఆళ్లగడ్డలో బస్సు ఆగినప్పుడల్లా దిగాలని కాళ్లు లాగుతాయి. దిగి ఎవరింటికి పోవాలో తెలియక, బస్సు కదిలేదాకా సీటు పట్టుకుని కూర్చుంటాను.