కాటుక తుడవమని అడగలేకపోయాను

విజయవాడలో ఒక పిల్లల ఆసుపత్రి మూడో అంతస్తులో, కిటికీలకు నల్ల తెరలు కట్టిన చిన్న గదిలో నేను రెండేళ్లు పనిచేశాను. ఐదారు నెలల పసిపిల్లలు దేన్ని చూస్తారు, ఎంతసేపు చూస్తారు అన్నది తెలుసుకునే పరిశోధన అది. బిడ్డను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, ఎదురుగా తెర మీద బొమ్మలు, ముఖాలు చూపిస్తాం. తెర కింద ఉండే సన్నటి పరికరం కంటికి కనిపించని వెలుగును పంపి, బిడ్డ చూపు ఎటు తిరుగుతోందో కనిపెడుతుంది. పక్కన నా కంప్యూటర్‌లో ఒక ఎర్రచుక్క ఆ చూపు వెంట కదులుతుంది. తల్లి కళ్ళను కూడా పరికరం పట్టుకోకుండా ఆవిడకు నల్లకళ్ళద్దాలు పెడతాం. ఆ కాసేపూ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. అందుకే నాకు ఆ ఉద్యోగం నచ్చింది. కొత్తవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాలంటే, వాటిని ముందురోజే డైరీలో రాసుకునేదాన్ని.

ఒకరోజు కొండపల్లి నుంచి ఒక తల్లి, ఆమె అత్తగారు పాపను తీసుకుని వచ్చారు. పాప నెలలు నిండకుండా పుట్టింది. అలాంటి పిల్లలకు చూపు దెబ్బతినే ప్రమాదం ఉందని పుట్టినప్పుడే ఎవరో చెప్పారట. ఆ భయం ఆ తల్లిని ఇంకా వదల్లేదు.

పాప కళ్ళకు కాటుక దట్టంగా, రెప్పల అంచులు దాటి పెట్టి ఉంది. బుగ్గ మీద, అరికాలులో చుక్కలు.

"మిషన్ ముందు కూర్చోబెడతారన్నారుగా, దిష్టి తగలకుండా పెట్టానమ్మాయ్. ఇంట్లో చేసిందే, కొన్నది కాదు," అంది అత్తగారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న కోడల్ని చూసి, "ఏవే, సినిమా హీరోయిన్‌లా తయారయ్యావు! నీ మొగుడు చూస్తే పక్కింటావిడ అనుకుంటాడు," అని నవ్వింది. కోడలు నవ్వలేదు.

కాటుక నలుపును చూసి పరికరం అదే కనుపాప అని పొరబడుతుంది. తుడిచాకే కూర్చోబెట్టాలని మా సూచనల కాగితంలో ఉంది. తడి దూది నా చేతిలోనే ఉంది. కానీ ఒక పెద్దావిడ మనవరాలికి దిష్టి తగలకూడదని పెట్టిన కాటుకను తీసేయమని ఎలా అడగను? దూది బల్ల మీద పెట్టి, లైటు ఆర్పేశాను.

ఎర్రచుక్క నిలవలేదు. ఒక మూల తళుక్కుమని మాయమయ్యేది. గిలక్కాయ ఆడించాను. మళ్ళీ మొదలుపెట్టాను. మూడోసారి కూడా అంతే. ఇక ఆపేశాను. తల్లి కళ్ళద్దాలు తీసి నా కంప్యూటర్ వైపు చూసింది. చుక్క దేనికో ఆవిడకు నేనే ముందు చెప్పాను.

"చుక్క రాలేదు. మా పాపకి కనపడట్లేదాండీ?"

మాది పరిశోధనే గానీ వైద్య పరీక్ష కాదు. ఏ బిడ్డ గురించీ ఫలితం చెప్పకూడదన్నది నియమం. కాటుక సంగతి చెప్పడానికి ఆ నియమం అడ్డు కాదు. అయినా నేను దాని వెనకే దాక్కున్నాను.

"మేం ఏమీ చెప్పకూడదండీ," అన్నాను.

ఆసుపత్రిలో ఎవరైనా ఆ మాట అంటే వినేవాళ్లు చెడ్డ కబురనే అనుకుంటారు. మా తాతయ్య చివరి రోజుల్లో మేమూ అలాగే అనుకున్నాం. అది తెలిసి కూడా అన్నాను. తల్లి పాపను భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు ఆమె భర్త ఫోన్ చేశాడు. థర్మల్ స్టేషన్లో పనిచేస్తాడు. వెనక ఏవో యంత్రాల హోరు.

"మేడం, నిన్న వచ్చిందగ్గర్నుంచి మా ఆవిడ పాప మొహం ముందు చెయ్యి ఆడిస్తానే ఉందండీ. అన్నం తినట్లేదు, పాపని పడుకోనివ్వట్లేదు. ఏదున్నా నాకు చెప్పండి. నేను తట్టుకుంటా."

వెంటనే మళ్ళీ చేస్తానని చెప్పి, మా పరిశోధన చూసే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "చూపు సంగతి కంటి డాక్టరు చెప్పాలి. రేపు పొద్దున్నే రమ్మను, నేను మాట్లాడి పెడతాను. కాటుక సంగతి మాత్రం నువ్వే చెప్పాలి," అన్నారు.

ఈసారి ఏం మాట్లాడాలో రాసుకోకుండానే అతనికి తిరిగి ఫోన్ చేశాను. "తప్పు నాదండీ. కాటుక ఉంటే మా మిషన్ సరిగా పనిచెయ్యదు. తుడవమని నేను అడగలేదు. రేపు కంటి డాక్టరుగారికి చూపిద్దాం, నేనూ ఉంటాను," అన్నాను.

"అంతేనా మేడం?" అన్నాడు.

మర్నాడు కంటి డాక్టరు పాపను చాలాసేపు పరీక్షించారు. వయసుకు తగ్గట్టే చూస్తోంది, భయం లేదన్నారు. తల్లి అక్కడే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

అత్తగారు నా వైపు తిరిగింది. "కాటుకేగా అమ్మాయ్! తుడవమంటే తుడిచేదాన్ని, ఇంటికెళ్ళి మళ్ళీ పెట్టుకునేదాన్ని. ఒక్క ముక్క అడగడానికి ఏమొచ్చింది నీకు? రెండ్రోజులు నా కోడలు చచ్చి బతికింది."

నేను తల్లినే అడిగాను, పైకొచ్చి ఇంకోసారి కూర్చుంటారా అని.

"వద్దండీ," అంది, మర్యాదగానే. "ఇంక దాన్ని ఏ మిషన్ ముందూ కూర్చోబెట్టలేను."

బతిమాలలేదు. పైకెళ్ళి, పరిశోధన నుంచి తప్పుకుంటున్నట్టు సంతకం పెట్టే కాగితం తెచ్చిచ్చాను. కలం పట్టుకోవడానికి ఆవిడ పాపను నా చేతికిచ్చింది. పాప నా ముఖంలోకి కదలకుండా చూసింది. నేనే తల తిప్పుకున్నాను.