గుట్ట కింద విడిచిన కొత్త బూట్లు

ముందే చెబుతున్నాను, నేను పెంచి చెబుతాను. గజం గుడ్డ చూస్తే నిండు తాను అంటాను. మా ఆవిడ ముప్పై ఏళ్లుగా నా ప్రతి మాటనూ సగానికి కోసి, ఆ సగాన్ని కూడా జల్లించి వాడుకుంటోంది. మీరూ అలాగే చేయండి.

అబిడ్స్‌లో నాది చెప్పుల దుకాణం. పెద్ద పోస్టాఫీసుకు ఎంత దగ్గరంటే, అక్కడ ఉత్తరం మీద ముద్ర కొడితే ఇక్కడ నా గల్లాపెట్టె ఉలిక్కిపడుతుంది. ఒకనాడు నాంపల్లి నుంచి ఒక రిటైర్డ్ భూగోళం సారు వచ్చి కొండలెక్కే బూట్లు అడిగారు. అలాంటి జత ఒక్కటే ఉంది, అదీ అటక మీద. ఎన్నాళ్లుగా ఉందంటే, ఆ డబ్బాలో బల్లి పెట్టిన గుడ్లు పిల్లలై, ఆ పిల్లలు మనవలను ఎత్తుకుని కాచిగూడకు కాపురం మార్చేశాయి.

"గట్టిగుంటయా సేఠ్?" అన్నారు సారు.

"ఫికర్ చేయకున్రి సార్. గిసుంటియే ఏస్కొని కోటగుట్ట సుట్టు తిరిగిన. పాడువడ్డ కోట, గుడి, అవతల లోయ, అన్ని సూసుకుంట మొదలువెట్టిన కాడికే మల్ల వచ్చిన."

ఆ గుట్ట గురించి నేను పేపర్లో చదివాను. అది మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపరు కాబట్టి, నూనె అంటని భాగమే చదివాను.

సారు మొహం వెలిగింది. "దారి తెల్సినోని కోసమే సూస్తున్న. వచ్చే ఐతారం నువ్వే తీస్కపోవాలె."

నా గుండె జారి గల్లాపెట్టెలో పడింది. ఏళ్ల తరబడి మూలపడ్డ బూట్లకు జిగురు ఎండిపోతుంది. పైకి మెరుస్తాయి, నాలుగడుగులు వేస్తే సోలు నోరు తెరుస్తుంది. ఈ సారేమో రోజూ పొద్దున పార్కులో నడిచే పెద్దమనుషుల దండుకు సేనాపతి. గుట్ట మీద ఆయన సోలు ఊడితే, నాంపల్లిలో నా మాట కూడా దాంతోపాటే ఊడుతుంది.

ఆదివారం సారు కారులో బయలుదేరాం. "నువ్వెక్కిన గుట్టను జర నేను గూడ సూడొద్దా" అని నవ్వుతూ మా ఆవిడా ఎక్కింది. ఆ నవ్వు నాకు తెలుసు.

గుట్ట కింద కూలిన కోట దర్వాజా ఉంది. ఒక్కో రాయి మా దుకాణమంత. పైన మబ్బులు గుట్ట నడుము దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంటున్నాయి. దర్వాజా దాటగానే దారి రెండుగా చీలింది.

"ఎటు సేఠ్?" అన్నారు సారు.

నేను ఆకాశం వంక చూశాను. మా ఆవిడకు జాలేసింది. "పైన గుడున్నది గదా. దేవుడు కుడి సేతికుండాలె. ఎడమ దారి పట్టున్రి."

"ఔ, గట్లనే," అన్నాను, పాతికసార్లు తిరిగినవాడిలా.

ఆమె అక్కడితో ఆగలేదు. "ప్రదక్షిణమంటే కాళ్లకేం ఉండొద్దు. జోళ్లు గీడనే ఇడువున్రి. గుండ్రంగ తిరిగి మల్ల గీడికే వస్తం."

సారు భూగోళం చెప్పిన మనిషి. గుండ్రం అన్న మాటకు ఎదురు చెప్పలేకపోయారు. కొత్త బూట్లు దర్వాజా గూట్లో కూర్చున్నాయి, మేం ఉత్త కాళ్లతో కదిలాం.

ఆ గుట్ట మీద పల్లేరు కాయలు ఏనుగు దంతాలంత ఉన్నాయి. ఎండకు కాలిన బండ మీద రొట్టెలు చేసుకోవచ్చు. సగం దూరంలో కోటగోడ ఒక్కసారిగా తెగి, కింద లోయంతా కనబడింది: చెరువు, వరిమళ్లు, చీమలబారులా లారీలు. సారు అరికాలిలో ముల్లు తీసుకుంటూనే, "అబ్బ, ఎంత బాగున్నదయ్యా" అన్నారు. ఒంటికాలి మీద నిలబడి లోయను మెచ్చుకున్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

అక్కడ మేకలు కాస్తున్న ముసలమ్మ మా కాళ్ల వంక చూసింది. "మొక్కుకున్నరా బిడ్డా, చెప్పులు వోయినయా?"

"మా ఆయనకు పట్నంల చెప్పుల దుకాణమే ఉన్నదవ్వా," అంది మా ఆవిడ.

ముసలమ్మ నవ్వుకు మేకలు మూడూళ్లు దాటి పారిపోయాయి.

మూడు గంటలకు మళ్లీ దర్వాజా దగ్గర తేలాం. బూట్లు గూట్లోనే ఉన్నాయి. "గీత గూడ వడలే సేఠ్" అని సారు మెచ్చుకుని, తొడుక్కుని కారు వైపు నడిచారు. ఏడో అడుగుకు కుడి సోలు నాలుకలా వేలాడింది. తొమ్మిదో అడుగుకు ఎడమది.

సారు వెనక్కి తిరిగారు. "గిసుంటియే ఏస్కొని గుట్ట సుట్టు తిరిగినవా?"

నేను వంగి ఊడిన సోలు అతికించబోయాను. జవాబు మా ఆవిడే చెప్పింది. "గుట్టెక్కుడు గియ్యాల్నే సార్. గదీ ఉత్త కాళ్లతోని."

ఆయన నా కాళ్ల వంక చూసి, "గట్లయితే నీ కాళ్లు గట్టియి" అన్నారు. మర్నాడు నేనే నాంపల్లి వెళ్లి కొత్త సరుకులోంచి వేరే జత ఇచ్చాను. ఇప్పుడు పార్కు దండు నా దగ్గరకే వస్తుంది. కానీ ఒక్కరూ చెప్పింది నమ్మరు. సోలు వంచి, లాగి, వాసన చూసి మరీ కొంటారు.

మబ్బులు, ముళ్లు, మేకలు పెంచినవే. పెంచడం వేరు, కల్పించడం వేరు. కల్పించింది ఒక్కటే. మా ఆవిడ దారి మాత్రమే చెప్పింది. సోలు ఊడుతుందని జోళ్లు విడవమన్నది నేను. ఇది చదివి వినిపిస్తే సరిగ్గా ఆ ముక్క దగ్గరే ఆపి, "గా మాట నేనెప్పుడన్న?" అంది. ఈసారి కొయ్యడానికి ఆమె చేతికి కత్తెర కూడా అక్కర్లేకపోయింది.