పుష్పాబాయి చూసి రాసింది

పుష్పాబాయికి ఒక్క ప్రోగ్రాం కూడా నోటికి రాదు. కోదాడ కాలేజీలో అందరూ అదొక లోపమనుకునేవారు. మిర్యాలగూడ అవతల ఆమె తండాలో నెట్ సరిగా అందదు. పాత లాప్‌టాప్‌లో, కోడ్ రాసే ఎడిటర్‌లోనే ఆమె చదువంతా సాగింది. తెలియని ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి ఒక కీ నొక్కితే, ఆ ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసినవాళ్ళు రాసిపెట్టిన వివరణ, అంటే డాక్యుమెంటేషన్, అక్కడే సగం తెరలో తెరుచుకునేది. ఒక్కో ఇంగ్లీషు వాక్యాన్ని నాలుగుసార్లు చదివేది. అర్థమయ్యాకే రాసేది.

ఆఖరి ల్యాబ్ పరీక్షలోనూ అలాగే చేసింది. సూర్యాపేట నుంచి వచ్చిన పరీక్షాధికారి వెనక నిలబడి చూశాడు.

"ఇంత ధైర్యంగా దొంగతనమా?"

"కాపీ కాదు సార్, డాక్యుమెంటేషన్. ఈ ఫంక్షన్ ఏమిస్తదో సూస్తున్న."

"చూసి రాస్తే కాపీ కాక మరేంటి?" అంటూ ఆయన మాల్‌ప్రాక్టీస్ ఫారం తీశాడు. అది పైకి పోతే సెమిస్టర్ మొత్తం రద్దు. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఖాయమైన ఉద్యోగమూ చేజారినట్టే.

పుష్పాబాయికి ఒళ్ళు మండింది. మండదా మరి! హైవే మీద బోర్డు చదివి మలుపు తిరిగిన డ్రైవర్ని ఎవరైనా దొంగంటారా?

"ఈ పేజీల నా ప్రోగ్రాం ఏడుందో జర సూపియ్యుండ్రి సార్."

ఆయన పైనుంచి కిందికి వెతికాడు. ఎక్కడా లేదు. "మిగతావాళ్ళు చూడకుండా రాయట్లేదా?" అని గద్దించాడు.

రాస్తున్నారు, ఎందుకు రాయరు! సీనియర్లు ప్రోగ్రాములు రాసిన రికార్డు పుస్తకం చేతులు మారుతూ వస్తుంది. దాన్ని కామాలతో సహా బట్టీ పడతారు. ఆ కాలేజీలో దానికి ప్రిపరేషన్ అని పేరు.

"ప్రోగ్రాం ఆఖర్ల రాసినోళ్ళ పేరు రావాలె గద సార్. పక్క సిస్టంల ఏం పేరొచ్చిందో సదువుండ్రి."

పక్క తెర మీద ప్రవీణ్. ఆ పక్కన కూర్చున్న సౌందర్య తెర మీదా ప్రవీణ్. వరస చివరిదాకా ప్రవీణే.

"ఎవరీ ప్రవీణ్?"

"మూడేండ్ల కిందట్నే పాసై పోయిండు సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం కందగడ్డయింది. ఫారం రెండు ముక్కలు చేసి, "సరే, కూర్చొని రాసుకో" అన్నాడు.

పుష్పాబాయి కూర్చోలేదు.

"కాయితం చింపిన్రు సార్. అందరి ముందల నన్ను దొంగన్నరు. దాన్నెవరు చింపుతరు?"