బ్రహ్మాండం అన్న కటింగ్ మాస్టర్

మా బావ కటింగ్ మాస్టర్. అంటే బట్టను కొలిచి, సుద్దతో గీసి, కత్తిరించేవాడు, కుట్టేది వేరేవాళ్లు. ఆయన పని చేసే దుకాణం మూతపడి తొమ్మిది నెలలైంది. అప్పటినుంచి ఆయన ఎక్కని మెట్లు లేవు, "కబురు చేస్తాం" అనని యజమానీ లేడు.

ఉక్రోషం వచ్చినప్పుడల్లా ఇంట్లో కత్తెర తీస్తాడు. ఒక దుకాణంవాళ్లు వద్దన్న రోజు కర్టెన్లు పొట్టివయ్యాయి. ఇంకొకళ్లు వద్దన్న రోజు దిండు గలీబుల కుట్లన్నీ ఊడొచ్చాయి. "ఈ ఇంట్లో కత్తెరకు దొరకనిది నేనొక్కదాన్నే" అంటుంది అక్క. నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకుంటున్న మరదలిని కాబట్టి ఆయన్ని ఏడిపించడం నా హక్కు.

నిజానికి పని దొరక్కపోవడానికి కారణం బావ నోరే. ఎదుటివాడి మొహం కంటే ముందు చొక్కా చూస్తాడు. "మీ ఎడమ భుజం అర అంగుళం దిగిందండీ" అనేస్తాడు. ఒక మేనేజరుతో అయితే, "పొట్టని బట్టి కుట్టించుకోవాలి గానీ ఆశని బట్టి కాదండీ" అన్నాడట. ఆ గదిలోంచి ఎంత తొందరగా బయటపడ్డాడో చెప్పనక్కర్లేదు.

ఈసారి ఒక పెద్ద దుకాణం నుంచి పిలుపొచ్చింది. ఇదీ తప్పిపోతే సోమవారం నుంచి మా అన్నయ్య గోడౌన్ గేటు దగ్గర కాపలా కూర్చోవడానికి బావ ఒప్పుకున్నాడు. ఆ మాట ఇచ్చిన రోజు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. నాకు చాలా బాధేసింది. పైకి మాత్రం, "గేటుకి కూడా కొలతలు తియ్యి బావా" అన్నాను.

బయల్దేరే ముందు అక్క ఆయన్ని గుమ్మంలో ఆపింది.

"చూడండి, అక్కడ ఎవరేమడిగినా ఒకటే మాట. బ్రహ్మాండం. ఏదీ, అనండి."

"బ్రహ్మాండం."

"చొక్కా వంకరగా ఉంటే?"

"వంకరగా ఉంటే..." బావ తన కాలరు సర్దుకున్నాడు. "బ్రహ్మాండం."

మూడుసార్లు వల్లె వేయించి పంపింది.

మధ్యాహ్నానికి కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. గళ్లచొక్కా వేసుకున్న యజమాని, "ఈ చొక్కా ఎలా ఉంది మాస్టరూ?" అని అడిగాడట. కాలరు ఒక పక్కకి లాగుతోందట, జేబు గళ్లు చొక్కా గళ్లతో కలవలేదట, ఒక చెయ్యి పొడుగట.

"మరి ఏమన్నావ్ బావా?"

"బ్రహ్మాండం అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"కబురు చేస్తామన్నాడు."

నాకు నవ్వు ఆగలేదు. అక్క మాత్రం తల పట్టుకుంది.

"అయ్యో! అడిగి మరీ చూపించాడంటే తప్పు పట్టమనే కదండీ! అంతా నా నిర్వాకమే."

వెంటనే చెప్పులు వేసుకుని, బావ చెయ్యి పట్టుకుని బయల్దేరింది. తమాషా చూద్దామని నేనూ వెనకే నడిచాను.

యజమాని అదే చొక్కాతో కటింగ్ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అక్క తిన్నగా ఆయన ముందుకి వెళ్లింది.

"అయ్యా, తప్పులు పట్టొద్దని చెప్పి పంపింది నేను. ఇంకొక్కసారి అడగండి."

ఆయన మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. "పొద్దున్నుంచి ఆరుగురు వచ్చారమ్మా. ఆరుగురూ బాగుందనే అన్నారు. సరే మాస్టరూ, చెప్పండి."

బావ అక్క వైపు చూశాడు. అక్క తలూపింది. ఇంక చూడాలి! బావ యజమాని చుట్టూ తిరుగుతూ తొమ్మిది నెలల కసినంతా ఆ చొక్కా మీద తీర్చుకున్నాడు. కాలరు, భుజం, చేతులు, చివరికి గుండీల మధ్య ఎడాన్ని కూడా వదల్లేదు. "దీన్ని కత్తిరించినవాడు పక్కవాడితో కబుర్లాడుతూ కత్తిరించాడండీ" అని ముగించాడు.

యజమాని అక్కడికక్కడే చొక్కా విప్పి బల్ల మీద పెట్టాడు. బనీనుతో నిలబడి, "సరిచెయ్యండి. కుదిరితే రేపటినుంచి ఈ బల్ల మీదే" అన్నాడు.

బావ కత్తెర అందుకున్నాడు. మొన రెండుసార్లు కుట్టు మీంచి జారింది. నేను ఏడిపించడం మానేసి, చొక్కా కదలకుండా అంచు పట్టుకున్నాను. అక్క గోడ వైపు తిరిగి అరచేత్తో కళ్లు తుడుచుకుంది. బావ జేబు కుట్లు ఒక్కొక్కటే విప్పసాగాడు. నాలుగో కుట్టు దగ్గర చెయ్యి కుదురుకుంది.