పట్టుగూళ్ల డ్రైయర్ ముందు తండ్రీ కూతుళ్లు

1996లో హిందూపురంలో నాకు పట్టుగూళ్ల డ్రైయర్ ఉండేది. గూటిలోని ప్యూపాను, అంటే పురుగును, వేడిగాలితో చంపి గూడును ఆరబెట్టే గది అది. సమయానికి ఆ పని జరగకపోతే పురుగు రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటపడుతుంది. ఇక ఆ గూడు దారం తీయడానికి పనికిరాదు.

నా దగ్గర ఎండే సరుకంతా దాదాపు ఊరి బయటి పట్టుదారం మిల్లుకే పోయేది. నలుగురు ఆడవాళ్లను పనిలోంచి తీసేశారని మిల్లులో సమ్మె మొదలైంది. నాలుగో రోజు సమ్మె చేసేవాళ్లు మిల్లు గేటు వదిలి నా తలుపు ముందు బైఠాయించారు. దీన్ని పికెటింగ్ అంటారట. మిల్లు యజమాని ఎవరో, నేనెవరో! నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం పరిగి వైపు నుంచి పట్టు రైతు నాగప్ప ఆటోలో తన పంట గూళ్లు తెచ్చాడు. గూళ్ల మార్కెట్‌కు రెండు రోజులు సెలవు, అమ్ముకునే దారి లేదు. ఒక గూడు కోసి చూశాను. ప్యూపా నల్లబడి మెత్తబడింది.

"ఏమప్పా, తెల్లారేలోపల అన్నీ తూట్లు పడతాయి. ఇప్పుడే లోపలెయ్యల్ల," అన్నాను.

అతను కదల్లేదు. తలుపు దగ్గర కూర్చున్నవాళ్లలో అతని కూతురు జయమ్మ ఉంది.

"ఇది మిల్లు సరుకు కాదు కదమ్మా, మీ నాయనది," అన్నాను ఆమెతో.

"ఈడ ఎండేదంతా మిల్లుకే పోతాదన్నా," అంది పక్కనున్నామె. అబద్ధమని నేనూ అనలేకపోయాను. జయమ్మ తలెత్తలేదు.

నాగప్పను పక్కకు పిలిచి వెనక తలుపు తీస్తానన్నాను.

"నా బిడ్డ ముందర కూసోనుంటే, నేను దొంగ మాదిరి యెనకాల దూరల్లా సామీ?" అని గూళ్లతో తిరిగి వెళ్లిపోయాడు. ఎంత పౌరుషం ఈ మనిషికి అని మెచ్చుకున్నాను. ఆ పిల్లది మాత్రం రాతిగుండె అనుకున్నాను.

వారానికి సమ్మె ముగిసింది. నలుగురిలో ఇద్దరినే తిరిగి తీసుకున్నారు. గెలిచారో ఓడారో వాళ్లకే తెలిసినట్టు లేదు. ఆ సాయంత్రం జయమ్మ ఒక్కతే వచ్చింది.

"పంటంతా పాయ. నాయన నాతో మాట్లాడ్డంల్యా," అంది. "అంతమందిలో యెట్ల లేసేదన్నా? యెనక తలుపు సంగతి మా యమ్మ చెప్పె. అది నాయనకు కాదు, నాకు చెప్పింటే గూళ్లు నేనే మోసిండేదాన్ని."

నిజంగా మోసేదో, బాధలో అలా అందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఒకటి మాత్రం తెలిసింది. ఆ రోజు ఆమెను పక్కకు పిలవాలన్న ఆలోచనే నాకు రాలేదు.